కాకి కింద పులిగోరు

మా బావ పేరు మొండయ్య. ఆయనకంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. ఈ నాలుగోవాడైనా మొండికేసి బతకాలని తల్లి ఆ పేరు పెట్టింది. బతికాడు, సంతోషమే. కానీ ఆ మొండితనాన్ని బతకడంతోనే ఆపాడా? అన్నం దగ్గర మొండి, మాట దగ్గర మొండి, మగ్గం దగ్గర మరీ మొండి. మా అక్క మొగిలమ్మను ఆయనకిచ్చిన నాటి నుంచి నేను ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఒక్కసారైనా గెలిచిన పాపాన పోలేదు.

నా పేరు వెంకట్రాజం. ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాను. జీవితమంతా మిర్చి బస్తాల మధ్య గడిపినవాడికి కోపం ముక్కు మీద ఉండక ఇంకెక్కడ ఉంటుంది? ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఈ కథ చెబుతున్నప్పుడు మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోకండి.

బావ వాళ్లది వరంగల్ కొత్తవాడ. తాతల నాటి నుంచీ జంపఖానాలు నేసిన ఇల్లు. వాళ్ల సందులో ఒకప్పుడు ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. అందరూ నేసినవీ సొసైటీలో ఒకే కుప్పగా పడేవి కాబట్టి, ఎవరిదేదో తెలియడానికి జంపఖానాకు ఒక మూల బొటనవేలంత గుర్తు నేసేవాళ్లు. సారంగపాణి వాళ్లది తేలు. బావ వాళ్లది పులిగోరు, ఎర్ర దారంతో కొడవలిలా వంకర తిరిగి ఉండేది. వెనక సందులో ఉన్న మా ఇంటిది గురిగి, అంటే చిన్న మట్టికుండ. మూల తిప్పి చూసి, "పులిగోరు వాళ్లదా, అయితే ఫికర్ లేదు, మనుమల దాకా వస్తది" అని షావుకార్లు తీసుకునేవారు. మా అక్క పెళ్లప్పుడు సందంతా, గురిగిల పులిగోరు పడ్డదిరో అని నవ్వింది.

తర్వాత మిషన్ జంపఖానాలు వచ్చాయి. సొసైటీ తలుపులు మూతపడ్డాయి. తేలు వాళ్లు కిరాణా కొట్టు పెట్టుకున్నారు. మా నాన్న పోయాక నేను మార్కెట్లో చేరాను, దాంతో మా గురిగి పోయింది. అది పోయిందని ఇంట్లో ఎవరూ ఏడవలేదు, అసలు ఎవరికీ గుర్తే రాలేదు. చివరికి ఆ సందులో మిగిలింది పులిగోరు ఒక్కటే. బావ మాత్రం ఇంటి ముందు గదిలో, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, అమ్ముడుపోయినా పోకపోయినా నేస్తూనే ఉన్నాడు.

బావ కొడుకు పండరి పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. కోడలు మహిత పెళ్లి జాకెట్ల మీద పూసలు, జరీ కుడుతుంది. ఆ పనిని ఈ కాలంలో మగ్గం వర్క్ అంటారు. చేయి తిరిగిన పిల్ల, చేతినిండా పని ఉంది, కూర్చుని కుట్టడానికి మాత్రం చోటు లేదు. వంటగదికి, మంచానికి మధ్య చట్రం బిగించుకుని కుట్టేది. కిందటి ఎండాకాలంలో పండరి నా ముందే తండ్రితో తేల్చి చెప్పేశాడు.

"బాపూ, నీకు కండ్లు కనబడ్తలేవు. గుంటల కూసుంటె నడుము పట్టుకుంటాంది. నువ్వు నేసింది ఎవలు కొంటాండ్రు జెప్పు? బతుకమ్మ పండుగ లోపట ఒక్క మంచి ఆర్డర్ రాకపోతె గుంట పూడ్పిస్త. ఆ అర్రల మహిత పని చేసుకుంటది."

"ఒస్తె?" అన్నాడు బావ.

"ఒస్తె నీ మగ్గం జోలికి రాను. ఒట్టు."

మగ్గం తీసేసి మగ్గం వర్క్ పెడతారట, ఇదెక్కడి చోద్యమని నేను నవ్వబోయాను. బావ ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన వెళ్లి గుంట అంచున కూర్చుని, ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు పడుగు మీద చేయి వేసి ఉంచాడు.

ఆర్డర్ వచ్చింది. హైదరాబాదులో చేనేత బట్టలు కొని బయటి దేశాలకు అమ్మే స్రవంతి అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. డాలు ఆకారం, లోపలంతా నీలం. మధ్యలో తెల్లటి గుర్రపు నాడా, దాని మీద బంగారు రంగు శిలువ, శిలువ మీద నల్లటి కాకి. కాకి ముక్కులో ఉంగరం.

బావ ఫోనును కంటికి ఆనించుకుని చూశాడు. "కాకి గదమ్మా ఇది! కాకిని ఎవలన్న నేపిచ్చుకుంటరా?"

"వాళ్ల వంశం గుర్తు తాతా," అంది స్రవంతి. "పోలండ్ దేశంల పాతకాలపు దొరల కుటుంబాలకు ఇట్లాంటి గుర్తులు ఉంటయి. దీని పేరు ష్లెపోవ్రోన్. ఈ ఒక్క గుర్తును వందల కుటుంబాలు వాడుకుంటయట. ఇంటిపేర్లు వేరు, గుర్తు ఒక్కటే."

"గోత్రమసొంటిదన్నట్టు," అన్నాడు బావ వెంటనే.

"అంతే. ఇదే కాకి నాడా మీద గాకుండ చెట్టు మొద్దు మీద నిలబడ్డదనుకో, అది ఇంకో వంశం. ఆ కాకి వంశం పిల్లగాడు నాడా వంశం పిల్లను చేసుకున్నడట. అందుకే రెండూ కలిసి ఈ గుర్తు అయిందని కథ చెప్తరు."

చాయ్ తెచ్చిన మా అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "పిల్ల ఇంటి గుర్తు గూడ పెట్టుకున్నరా? ఎంత మంచోళ్లు! మా గురిగిని ఎవలు పెట్టిండ్రు?" అంది. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది.

వార్సా నగరంలో ఉండే ఒక ముసలాయన తన ఇంటి గోడకు వేలాడదీసుకోవడానికి ఈ గుర్తుతో జంపఖానా కావాలన్నాడట. ఆయన ఇంటిపేరు స్రవంతి రెండుసార్లు చెప్పింది కానీ మా ఎవరి నోరూ తిరగలేదు.

వానలు పడుతుండగా బావ పని మొదలుపెట్టాడు. నేను మార్కెట్ నుంచి వస్తూ రోజూ తొంగిచూసేవాణ్ని. అంత హుషారుగా ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. నీలం ఒకటికి రెండుసార్లు అద్దించాడు. కాకి రెక్క దగ్గరికి వచ్చేసరికి చూపు ఆనక, వేలితో పోగులు తడుముతూ నేశాడు. తప్పొస్తే ఊడదీసి మళ్లీ నేశాడు. "మన పెద్దలు కాకి రూపంల ఒస్తరు. ఆళ్ల పెద్దలు గూడ గట్లనే ఒస్తరు కావచ్చు రాజం. లేకపోతె గింత భక్తిగ ఎందుకు పెట్టుకుంటరు?" అనేవాడు. నాకేం తెలుసు! అవునన్నాను.

జంపఖానాను మగ్గం మీద నుంచి కోసి నేల మీద పరిచిన రోజు సందులో వాళ్లంతా చూడ్డానికి వచ్చారు. కాకి లేచి ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. ఎవరినీ దాని మీద కాలు పెట్టనివ్వలేదు బావ. అప్పుడు నా కన్ను కింది మూల మీద పడింది. నీలంలో, నాడాకు కాస్త కిందగా, ఎర్రటి పులిగోరు.

"బావా, గిదేంది?" అన్నాను.

"ఏది?"

"గీ మూలకు. ఆ పిల్ల ఇచ్చిన బొమ్మల ఇది లేదు గదా!"

నీకు ముక్కెందుకుంది అని నేనేదో అడిగినట్టు చూశాడు. "బొమ్మ ఆళ్లది. నేత నాది. గుర్తు పెట్టకుంట ఎట్ల కోస్తర్రా?"

స్రవంతికి కూడా అది ముచ్చటగానే తోచింది, అలాగే తీసుకుపోయింది. ఫోటో తీసి వార్సాకు పంపింది. వారం తిరక్కుండా జంపఖానా మళ్లీ ఇంటికే వచ్చింది, వెనకాలే ఫోను. పండరి అందరికీ వినపడేలా పెట్టాడు.

"తాతా, నేత చూసి ఆయన చాలా మెచ్చుకున్నడు. కానీ ఆ ఎర్రగోరు మా గుర్తుల లేదు, ఇది మాది కాదు అంటున్నడు. వాళ్ల గుర్తుల ఒక్క వస్తువు ఎక్కువైనా, తక్కువైనా అది వేరే వంశానిది అయిపోతదట. అది ఒక్కటి తీసేయండి, తీసుకుంటడు. అదే కాకి గుర్తున్న ఇంకో ఐదు ఇండ్ల వాళ్లు గూడ అడుగుతున్నరు."

ఐదు! పండరి నా వైపు చూశాడు. మహిత చట్రం దగ్గర నుంచి లేచి వచ్చింది. మగ్గం నిలబడ్డట్టే అనుకున్నాం.

"ఆ పెద్దమనిషి చెప్పింది కరెక్టేనమ్మా," అన్నాడు బావ. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. "ఆయనకు ఆయన గుర్తు ఎంతనో, నాకు నాది గంతే. నా చేతుల మీదికెళ్లి పోయేదాంట్ల పులిగోరు ఉంటది. తీసి ఇయ్య. వద్దంటె వద్దని చెప్పు." లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మొండితనం పాడుగాను! మగ్గం పోతది బావా, మగ్గం! బొటనవేలంత గోరు కోసం మగ్గం పోగొట్టుకుంటవా?" అని వెంటపడి అరిచాను. ఆయన బావి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

అక్క మెల్లగా వెళ్లి పక్కన నిలబడింది. "నేను నా గురిగిని ఇడిచి నీ పులిగోరు కాడికి రాలేదా? నాకేమైంది? బతుకుతలేనా?"

బావ బీడీ నుసి దులిపాడు. "మీ గురిగిని ఎవలు గూడ ఊడదీయలేదు మొగిలీ. నేసెటోళ్లు లేక ఆగింది. ఆగుడు వేరు, మన చేతులతోని మనం ఊడదీసుడు వేరు," అన్నాడు.

నిజంగా కోపమొచ్చేది ఇలాంటప్పుడే. మొండివాడు తప్పు మాట్లాడితే తిట్టొచ్చు.

అదే వారంలో బావకు కంటి ఆపరేషన్. ఎడమ కంటికి శుక్లం బాగా ముదిరింది. నేను సెలవు పెట్టి హనుమకొండలో కంటి దవాఖానకు తీసుకెళ్లాను. మేము అక్కడ ఉన్నప్పుడు ఇంట్లో జరిగింది నాకు చాలా తర్వాత అక్క చెప్పింది.

నలభై ఏళ్లుగా బావ నేసిన ప్రతి జంపఖానాకూ అంచులు ముడివేసింది అక్కే. పోగు తెగితే సూదితో అతికిందీ అక్కే. ఆ రోజు తలుపు దగ్గరేసుకుని జంపఖానా ఒళ్లో పరుచుకుంది. ఎర్ర పోగులు ఒక్కొక్కటీ సూదిమొనతో లేపి ఊడదీసింది. ఆ చోట అదే నీలం దారం, అదే బిగువుతో, పోగు తప్పకుండా నింపింది. "ఏడ్చుకుంట చేసిన్రా తమ్మీ," అంది నాతో. "ఆయన ఆ గుంటల కూసోకపోతె బతకడు. గోరు పోతె పోనీ, మనిషి ఉంటడు అనుకున్న." పండరి దాన్ని స్రవంతికి పంపించాడు.

బావ కంటికి పచ్చగుడ్డతో ఇంటికి వచ్చేసరికి, పండరి ఎదురొచ్చి చెప్పాడు. "బాపూ, స్రవంతి ఫోన్ చేసింది. ఆ పెద్దమనిషి ఒప్పుకున్నడట. పులిగోరు ఉంటె ఉండనీ అన్నడట. మల్ల తీస్కపోయిండ్రు."

బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నిజమారా?"

"నిజమే బాపూ."

"సూసినవా రాజం!" అని నా భుజం మీద గట్టిగా చరిచాడు. "దొర అంటే గాయన! ఇంకో ఇంటి గుర్తు ఇలువ తెలిసినోడు!" నేనూ నమ్మాను. నమ్మి, ఇన్నాళ్లూ తిట్టినందుకు లోపల్లోపల సిగ్గుపడ్డాను. అక్క మాత్రం చెంబుతో నీళ్లిచ్చి, తలెత్తకుండా లోపలికి పోయింది.

కంటికి ఎండ తగలకూడదని డాక్టర్ చెప్పినా బావ ఆగలేదు. దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని సందంతా తిరిగాడు. సారంగపాణి కొట్టు ముందు కూర్చుని, "మీ తేలు కొత్తవాడ దాటలేదు, మా పులిగోరు పోలండ్ పోయింది" అని ఆటపట్టించాడు. ఐదింటికి సరిపడా నూలు వచ్చింది. పండరి తానే దగ్గరుండి పడుగు వేయించాడు. మహిత గది మాట ఎత్తడం మానేసి, మామకు చాయ్ గుంట దగ్గరికే తెచ్చి ఇచ్చేది. ఆ ఇంట్లో నేను చూసిన మంచి రోజులు అవే.

రాఖీ పున్నమ వెళ్లిన తర్వాత స్రవంతి వచ్చింది. పాపం, ఆ పిల్లకు మావాళ్లు ఆడిన అబద్ధం తెలియదు. "తాతా, నీకు చూపియ్యాలనే వచ్చిన" అంటూ ఫోను తీసింది. తెల్లటి గోడ, గోడ మీద జంపఖానా, పక్కన కోటు వేసుకున్న ముసలాయన నవ్వుతూ నిలబడ్డాడు.

పండరి గబుక్కున లేచాడు కానీ అప్పటికే ఫోను బావ చేతిలో ఉంది. ఆపరేషన్ తర్వాత ఆయన చూపు శుభ్రమైంది. "ఈ మూలను జర పెద్దగ చెయ్యమ్మా," అన్నాడు. స్రవంతి రెండు వేళ్లతో సాగదీసింది. నీలం. ఇంకా సాగదీసింది. నీలమే.

"అసలక్కడ గోరు ఉండెనంటె ఎవరూ నమ్మరు తాతా," అంది ఆ పిల్ల మెచ్చుకోలుగా. "ఎవరు తీసిండ్రోగానీ, ఆనవాలు గూడ లేదు."

అక్క గోడకు ఆనుకుంది.

"మా ఇంటామె," అన్నాడు బావ. "సూదిపని ఆమెకొచ్చినట్టు కొత్తవాడల ఎవలకు రాదు." ఫోను తిరిగి ఇచ్చాడు. "బిడ్డకు చాయ్ పొయ్యిండ్రి."

ఆ తర్వాత ఆయన గుంటలో కాలు పెట్టలేదు. తిట్టలేదు, అలగలేదు, అన్నం మానలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! అక్క కాళ్ల మీద పడింది. "నన్ను కొట్టు, నాలుగు మాటలను, గానీ మగ్గం మీద కూసో" అని మొత్తుకుంది. "నీ మీద నాకు కోపమేం లేదే" అన్నాడు. అది నిజమే, అందుకే భరించలేకపోయాం. సారంగపాణి దుకాణం ముందు ఆపి, "ఫోటో ఒచ్చిందటగా, మీ పులిగోరు కనబడ్డదా?" అని అడిగితే, "ఒచ్చింది, మంచిగున్నది" అని నడిచిపోయాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇక నేనూ ఒకరోజు అడిగేశాను. "బావా, నీ గుర్తు మల్ల నేసుకో. ఆ ఐదు వద్దు, నీకోసం ఒకటి నెయ్యి. ఎవలు ఆపిండ్రు?"

"మూలకు గోరు నేస్తాంటె, దీన్ని గూడ ఎప్పుడు ఊడదీస్తరో అనుకుంట నెయ్యాల్నా?" అన్నాడు.

స్రవంతి రెండుసార్లు ఫోను చేసి, ఆగి ఆగి, నూలు వెనక్కి తీసుకుపోయింది. ఆ ఐదు కాకుల్ని ఎవరు నేశారో, అసలు చేత్తోనే నేశారో లేదో తెలియదు. నూలు పోయిన మర్నాడు బావే పండరిని పిలిచి గుంట పూడ్పించమన్నాడు.

పండరి ఏడుపు ముఖం పెట్టాడు. "వద్దు బాపూ. ఆర్డర్ ఒస్తె మగ్గం జోలికి రానని ఒట్టు పెట్టుకున్న గద."

"నీ ఒట్టు నువ్వు నిలవెట్టుకున్నవ్. పూడ్పియ్."

మట్టి పోశారు. పైన బండలు పరిచారు. మగ్గం కర్రల్ని పెరట్లో గోడకు ఆనించారు. ఇప్పుడు ఆ గదిలో మహిత చట్రాలు ఉన్నాయి. గుంట ఉన్న చోట మాత్రం ఆ పిల్ల చట్రం వేయలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "ఏమో బాబాయ్, బుద్ధి అయితలేదు" అంది.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు పెట్టుకునే రోజు. అక్క పొద్దున్నే లేచి అన్నం, పప్పు, గారెలు చేసి, విస్తరిలో పెట్టి డాబా మీద ఉంచింది. కరెంటు తీగల మీద కాకులు వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. అక్క చేత్తో నీళ్లు చల్లి, పోయిన తన మామగారిని తలుచుకుని, "మామా, రా మామా" అని పిలిచింది. కాసేపటికి ఒక కాకి పిట్టగోడ దాకా వచ్చి, విస్తరిని చూసి, మళ్లీ తీగ మీదికే పోయింది.

పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలి ఉందని మావాళ్ల నమ్మకం. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇవ్వాలి. నీ పిల్లల్ని చూసుకుంటామనో, నీ పొలం అమ్మమనో, ఏదో ఒకటి చెప్పాలి. ఆ మాట విని పిట్ట దిగుతుందట. ముందు నేను చేతులు జోడించి, "మామా, నీ కొడుకును మంచిగ సూసుకుంటం, రా" అన్నాను. తీగలు కదల్లేదు. మహిత కూడా ఏదో గొణిగింది.

పండరికి భయం పట్టుకుంది. చెప్పులు విడిచి ముందుకు వచ్చాడు. "తాతా, మగ్గం మల్ల పెడ్తం. బండలు తీపిచ్చి గుంట తోడిపిస్త. పులిగోరు మల్ల నేపిస్త. రా తాతా, ముట్టు."

మెట్ల మీద కూర్చున్న బావ అప్పుడు తలెత్తాడు. గొంతులో కోపం కూడా లేదు.

"ఊకో బిడ్డా," అన్నాడు. "బతికున్నోనికి చెప్పిండ్రు, సరే. సచ్చినోళ్లకు గూడ అబద్ధం చెప్తరా?"

అక్క నీళ్ల చెంబు కింద పెట్టింది. పండరి జోడించిన చేతులు దించుకున్నాడు. మధ్యాహ్నం దాకా చూశాం, కాకి రాలేదు. సాయంత్రం ఆ అన్నం తీసి పక్కింటి బర్రెకు వేశాం.